రెండో గేరుకు సిగ్గెక్కువ

మా బాబాయి నమ్మకం ప్రకారం ఈ లోకంలో మనుషులు తప్పు చేయరు. వస్తువులు చేస్తాయి. కూరలో ఉప్పెక్కువైతే అది ఉప్పు డబ్బా మూత చేసిన నిర్వాకం. నేను లెక్కల పరీక్ష తప్పినప్పుడు మా నాన్న బెత్తం పట్టుకుని బయల్దేరితే, ఈయన నా కుర్చీని తిరగేసి చూసి, "అన్నయ్యా, దీని కాలు ఒకటి పొట్టి. ఇలా ఊగే కుర్చీలో కూర్చుంటే లెక్కలు ఎవరికొస్తాయి?" అన్నాడు. శిక్ష కుర్చీకే పడింది. నాలుగు కాళ్ళూ సమానం చేస్తానని రంపం పట్టుకుని కూర్చుని, సాయంత్రానికి దాన్ని పీటగా మార్చాడు.

ఇంతటి మహానుభావుడు ఉద్యోగ విరమణ కాగానే ఒక పికప్ ట్రక్కు కొన్నాడు. మామూలుది కాదు. నాలుగు వందల గుర్రాల బలం, చేత్తో మార్చే గేర్లు, పందేల్లో పరిగెత్తించాల్సిన ఇంజను. ఇంత శక్తితో ఆయన మోయించేది ఏమిటయ్యా అంటే, రంగు చేపల్ని. మా పిన్నికి అక్వేరియంల దుకాణం ఉంది. వేలెడంత చేపను నాలుగు వీధుల అవతలికి చేర్చడానికి నాలుగు వందల గుర్రాలన్నమాట.

"కొంచెం తక్కువైనాయేమో బాబాయ్," అన్నాను.

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించి, "చాల్లేరా, సర్దుకుందాం," అన్నాడు. వెటకారం ఆయన చర్మంలోకి దిగదు.

ఆర్నెల్లు తిరక్కుండానే బండి మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒకటో గేరు నుంచి రెండోదానికి మారేటప్పుడు గరగరమని పళ్ళు కొరికి, వెనకనుంచి ఎవరో తన్నినట్టు ముందుకు దూకుతోందట. తొట్లలో నీళ్ళు సగం రోడ్డు పాలు. కొనుక్కున్నవాళ్ళ ఇళ్ళలో చేపలు రెండు రోజులపాటు మూల నుంచి కదిలేవి కావు. పళ్ళ డాక్టరు గారి క్లినిక్కుకు పంపిన పెద్ద గాజు తొట్టి దారిలోనే నిలువునా చిట్లింది.

"ఎవరు నడిపారు?" అని మా నాన్న అడిగాడు.

"ఎవరు నడిపితే ఏముందన్నయ్యా, ఆ గేరే అలాంటిది," అన్నాడు బాబాయి.

ఎడమ మోకాలు అరిగిపోయి, పది మెట్లెక్కడానికి పావుగంట తీసుకునే మనిషి క్లచ్ ఏం తొక్కుతాడని చుట్టాలంతా తేల్చేశారు. ఆపైన భోజనాల దగ్గర ఎవరి చేతిలోంచి గరిటె జారినా "గేరు పడలేదు" అనడం మా ఇంట్లో రివాజైపోయింది. బాబాయి కూడా మాతోపాటు నవ్వేవాడు.

మెకానిక్ షెడ్డుకు ఆయన వెళ్ళినన్నిసార్లు ఆ మెకానిక్ కూడా వెళ్ళి ఉండడు. మొదట గేర్ ఆయిల్ మార్పించాడు. తర్వాత లివరు కింద బుష్‌లు అరిగాయన్నాడు. ఆ తర్వాత ఇంజను కింద ఉండే రబ్బరు దిమ్మల మీద అనుమానపడ్డాడు. మెకానిక్ ప్రతిసారీ బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చి అదే మాట చెప్పేవాడు.

"గేర్ బాక్సు వెన్నలా ఉంది సార్. నడిపే చెయ్యే కొంచెం..."

"చెయ్యేం చేస్తుందయ్యా? లివరు ఎటు లాక్కెళితే అటు పోతుంది పాపం. ఇంకోసారి విప్పి చూడు."

"ఎన్నిసార్లు విప్పినా లోపల ఇనుమే ఉంటుంది సార్."

ఇంతలో పళ్ళ డాక్టరు గారు రెండో తొట్టికి ఒప్పుకున్నారు. ఇది క్షేమంగా చేరితే తన మిగతా మూడు క్లినిక్కుల్లోనూ పిన్ని చేతే పెట్టిస్తారట. ఇదీ పగిలితే గోడకు చేప బొమ్మ తగిలించుకుంటారట. తొట్టిని దుప్పట్లతో చుట్టి వెనక కట్టేశాం. పిన్ని ముందు బాబాయి పక్కన కూర్చుంది. నేను వెనక సీట్లో చేపల బకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక తువ్వాలు కూడా వెంట తెచ్చుకున్నాను. బాబాయి డ్రైవింగు మీద నాకున్న నమ్మకం అలాంటిది.

తువ్వాలుతో పని పడలేదు. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు గేరు ఎప్పుడు మారిందో చెవికి తెలియలేదు. బకెట్లో చేపకు నిద్రాభంగం కాలేదు. మోకాలు నొక్కుకుంటూ కూడా బాబాయి అంత సుతారంగా నడిపాడు. నేను నోరు తెరిచేలోగా పెట్రోలు బంకు దగ్గర బండి ఆపి, "ఇంక నావల్ల కాదు, నువ్వు కూర్చో," అని పిన్నికి చోటిచ్చాడు.

పిన్ని సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, ఊపిరి బిగబట్టింది. ఒకటో గేరు బాగానే పడింది. రెండోది గర్రుమంది. బండి దూకింది. సగం బకెట్టు నీళ్ళు నా ఒళ్ళోకీ, ఒక చేప నా చొక్కా జేబులోకీ వచ్చాయి.

పిన్ని ముఖం పాలిపోయింది. "నావల్లేనండీ," అంది.

"నీవల్లా? ఈ బండి సంగతి నాకు తెలియదా?" అన్నాడు బాబాయి. "పెద్ద ఇంజను కదా, దీనికి రెండో గేరంటే సిగ్గెక్కువ. క్లచ్ నేలకు ఆనేదాకా తొక్కితేగానీ రాదు. మధ్యలో న్యూట్రల్ దగ్గర 'ఊ' అనేంతసేపు ఆగాలి. గుప్పిట బిగించి లాగామో, బిగుసుకుపోతుంది. రెండు వేళ్ళతో బతిమాలుకోవాలి. ఏం చేస్తాం, మన ఖర్మకొద్దీ ఇలాంటి బండి దొరికింది."

ఏ డ్రైవింగ్ స్కూల్లోనైనా మొదటి వారంలో చెప్పే పాఠం అది. దాన్ని బండికున్న రోగంలా వర్ణించగా వినడం నాకదే మొదలు. పిన్ని పైకే "ఊ" అనుకుంటూ గేరు మార్చింది. ఈసారి చిన్న కుదుపుతో సరిపోయింది. తొట్టి క్షేమంగా చేరింది.

పిన్ని లోపల చేపల్ని వదులుతుంటే, బయట మెట్ల మీద బాబాయిని పట్టుకున్నాను.

"గేరు బాగానే ఉంది కదా బాబాయ్."

"మెల్లగా మాట్లాడు."

"మొదటి తొట్టి పగిలిన రోజున కూడా పిన్నే నడిపిందా?"

ఆయన మోకాలు రుద్దుకున్నాడు. "డ్రైవింగ్ స్కూలువాడు మీ పిన్నిని, ఈ వయసులో మీ చేతికి రాదమ్మా అని పంపేశాడురా. మూడు నెలలు తాళం ముట్టుకోలేదు. వచ్చే నెల నా మోకాలికి ఆపరేషను. ఆ తర్వాత దుకాణం సాగాలంటే ఆవిడే నడపాలి. నేను కూడా నీ చెయ్యి బాలేదన్నాననుకో, మళ్ళీ తాళం మేకుకి తగిలించేస్తుంది."

"మరి మేమంతా నిన్ను అన్నన్ని మాటలన్నామే?"

"మీకూ కాలక్షేపం కావాలి కదరా. పైగా బండికి ఒక సుగుణం ఉంది. ఎంత తిట్టినా చిన్నబుచ్చుకోదు."

ఇంట్లో అందరికంటే ఎక్కువ హాస్యమాడింది నేనే. తడిసిన చొక్కా పిండుకుంటూ నిలబడ్డాను.

ఆపరేషను అయిన అయిదో రోజున ఆయన్ను ఇంటికి తీసుకొచ్చాం. వెనక సీట్లో కాలు చాపుకుని బాబాయి, ముందు నేను, స్టీరింగు దగ్గర పిన్ని. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, కాలు కదిలించొద్దని నర్సు మరీమరీ చెప్పింది. బండి కదలగానే బాబాయి కళ్ళు మూసుకుని తలుపు పైనున్న పిడి పట్టుకున్నాడు. మర్యాద కోసం నేనూ పట్టుకున్నాను. చాలాసేపటికి ఆయన ఒక కన్ను తెరిచి, "ఇంకా ఒకటో గేరులోనే ఉన్నామా?" అని అడిగాడు.

"మూడో గేరండీ," అంది పిన్ని.

ఆ తర్వాత సిగ్నల్ దగ్గర ఆగాం. పచ్చలైటు పడింది. బండి ఒకసారి వణికి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. పిన్ని కంగారు పడలేదు, ముఖం పాలిపోలేదు. "క్లచ్ తొందరగా వదిలేశానండీ. నాదే తప్పు," అని తాపీగా మళ్ళీ స్టార్ట్ చేసింది.

ఆ మాట వినగానే బాబాయికి కుట్లు తెగినంత పనైంది.

"నీదెలా అవుతుంది? ఆ లైటు చూడు, చెప్పాపెట్టకుండా పచ్చబడింది."