గుక్కకో మాట

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే మా కంపెనీలో నా సీనియర్ ఒకాయన ఉండేవాడు. కొత్త కొట్లో అడుగుపెట్టగానే మంచినీళ్లు అడిగేవాడు.

"నీళ్లడిగితే ఎవ్వరు పొమ్మనరు తమ్మీ. తాగినంతసేపు మాట్లాడొచ్చు," అనేవాడు.

ఒకరోజు, సాయంత్రంలోగా ఒక్క కస్టమరైనా దొరక్కపోతే ఆయన ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని మోండా మార్కెట్లో పంతొమ్మిది కొట్లు తిరిగి పంతొమ్మిది గ్లాసులు తాగాడు. చివరికి రాంగోపాల్‌పేట్‌లో ఒక స్టీలు సామాన్ల కొట్టెక్కాం.

యజమాని గ్లాసు చేతికిచ్చి, "పొద్దుగాల మోండాల సుత నీళ్లడుగుతుంటివి. ఏందన్నా, మీ ఇంట్ల నల్లా రాదా?" అని నవ్వాడు. తర్వాత జాలిపడి మా ఆర్డర్ ఫారం మీద సంతకం పెట్టాడు.

పంతొమ్మిది గ్లాసులూ నిజమే. సంతకమే నేను కల్పించాను. మా సీనియర్ గ్లాసు సగంలోనే కింద పెట్టేసి, మొదటిసారి ఏ మాటా చెప్పకుండా మెట్లు దిగాడు.