బ్రాకెట్ బయటి రెండు

“రెండు తెప్పల్లోనూ నీళ్ళకుండా, లంగరుతాడూ పెట్టినావేటే?”

“పెట్టాను మావా, ఎల్లు.”

నా పెనిమిటీ నేనూ ఆడుకున్న ఆఖరి మాటలివి. మాది కళింగపట్నం. నీళ్ళకుండలు రెండు తెప్పల్లోనూ పెట్టాను. తాడు మాత్రం బావగారి తెప్పలోనే పెట్టాను. రెండో తాడు చిక్కులు పడి ఉంటే, విప్పడానికి బద్ధకించి, అన్నదమ్ములు కలిసే వెళ్తారు కదా, ఒకటి చాలులే అనుకున్నాను. నడిసంద్రంలో గాలి లేచింది. బావగారు లంగరు వేసి నిలబడ్డారు. మా ఆయన తెప్ప కొట్టుకుపోయింది. మనిషి దొరకలేదు.

ఏడాది తిరిగింది. ఒక మధ్యాహ్నం నేను చేపలు ఎండబెడుతుంటే, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి లెక్క తప్పిందని ఏడుస్తూ వచ్చింది.

“బ్రాకెట్ బయట రెండుంటే లోపలున్న రెండింటినీ గుణించాలట. నాను మొదటిదాన్నే గుణించి రెండోదాన్ని ఒగ్గేసినాను.”

“ఒగ్గేస్తే ఏటవుద్దే?”

“బుట్టలో సేప, ఉప్పుపొట్లం ఉన్నాయనుకో. అలాటి బుట్టలు రెండంటే, సేపలు రెండూ, ఉప్పుపొట్లం ఒకటేనేటి? ఉప్పు లేని బుట్టలో సేప కుళ్ళిపోదేటి?”

చేతిలోని చేపను అక్కడే పడేసి, నీడలోకి పోయి కూర్చున్నాను.

“ఏటయ్యిందే అమ్మా?”

ఎండదెబ్బ అన్నాను. ఆనాటి నుంచి సంద్రం వైపు చూస్తే తాడు లేని ఆ తెప్పే కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆ అమ్మాయే.

ఓలమ్మీ, కలం ఆపేసినావేటి? ఏడిస్తే ఏడువు గానీ ఒక్క ముక్కా కొట్టేయకు. మొదట్నుంచీ ఓపాలి సదివి ఇనిపించు.