కంగారూ మీద నల్లచార

ఈమధ్య మా అమ్మాయి పాత వెండి పట్టీలను పెట్టెలోంచి తీస్తే, వాటికి చుట్టిన రబ్బరు బ్యాండు తగిలినంత మేరా నల్లటి చార కనిపించింది. రబ్బరు తగిలితే వెండి నల్లబడుతుంది కదా నాన్నా, తెలీదా అని తేలిగ్గా అనేసింది. అప్పటినుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

ఆటల పోటీలకు విడుదల చేసే వెండి నాణేలంటే మన కాలంలో కొందరం పడిచచ్చేవాళ్ళం. చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులో పనిచేసే రోజుల్లో నాకూ, నాతో గదిలో ఉండే మిత్రుడికీ అదే పిచ్చి. అతను పర్చూరు సాయిబుల అబ్బాయి. వరస లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఎవరి దగ్గరో నాణెం ఉందని తెలిస్తే చాలు, షిఫ్టు దిగగానే తలమీది దూది నూగైనా దులుపుకోకుండా, అతని మోటారు సైకిలు మీద గుంటూరుకో ఒంగోలుకో పరుగు. సిడ్నీ ఒలింపిక్స్ అయిన మరుసటేడు, చీమకుర్తిలో గ్రానైటు కొనడానికి వచ్చిన విదేశీయుడొకడు బావ వాళ్ళన్నయ్యకు ఇచ్చిన, ఆ ఆటల కంగారూ బొమ్మ వెండి నాణెం అతని చేతికొచ్చింది. బతిమాలి బతిమాలి, నా రెండు ఫుట్‌బాల్ నాణేలిచ్చి దాన్ని తీసుకున్నాను. తాకి చూడనిదే ఉండలేక ప్లాస్టిక్ డబ్బీలోంచి తీసేసి, అట్టముక్క మీద పెట్టి, రబ్బరు బ్యాండు వేసి ట్రంకుపెట్టెలో దాచాను.

వానాకాలం పోయాక తీస్తే కంగారూ నడుం మీదుగా నల్లచార. టీకొట్టు దగ్గర పదిమందిలో అతన్ని పట్టుకుని, "పాడైన సరుకు నాకంటగడతావంట్రా?" అని అరిచాను.

"ఒరేయ్ బావా, ఇచ్చినరోజు అందులో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నావు గదరా!" అన్నాడు నవ్వుతూనే.

అందరూ నవ్వారు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండి, దొంగవన్నాను. అతని నవ్వు ఆగిపోయింది. గదికి వెళ్ళి నా ఫుట్‌బాల్ నాణేలు తెచ్చి బల్లమీద పెట్టి, కంగారూను తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. కొద్దిరోజులకే మిల్లు మానేశాడు. నేను మాత్రం ఇన్నేళ్ళూ, నాణేలు సేకరించేవాళ్ళు ఎక్కడ కలిసినా, పర్చూరు అతను నన్నెలా ముంచాడో చెబుతూనే వచ్చాను.

ఆ చార నేను వేసిందే. ఆనాడు నా మాట నమ్మినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి అతన్ని నిర్దోషిగా గుర్తుపెట్టుకోండి.

పర్చూరు వెళ్ళి అడిగాను. ఆ కుటుంబం ఊరు విడిచి చాలాకాలమైందన్నారు. ఇప్పుడు ఫోనులో బుక్ చేస్తే నాణేలు సీలువేసిన డబ్బీల్లో ఇంటికే వస్తున్నాయి. ఇచ్చినవాడి మొహం చూడనక్కర్లేదు, అనుమానించనూ అక్కర్లేదు. నేను మాత్రం కంగారూను జేబులో వేసుకుని, ఒకప్పుడు టీకొట్టు ఉన్న చోట హైవే పక్కన నిలబడుతున్నాను. లారీల మధ్య ఏ బండి నెమ్మదించినా తలెత్తి చూస్తాను. అప్పట్లో అతని బండి చప్పుడు మలుపు అవతలినుంచే గుర్తుపట్టేవాణ్ణి. ఇప్పుడు అన్నీ ఒకేలా మోగుతున్నాయి.