చక్రం నిద్ర చేయాలి

మొన్న మా మనవరాలి సైకిల్ వెనక చక్రం వంకర పోయింది. తొక్కుతుంటే అటూ ఇటూ ఊగుతూ, బ్రేకు దగ్గర రిమ్ము తగిలి టిక్కు టిక్కుమంటోంది. పిల్లకు బడి ఉందని, కొత్తగూడెం బస్టాండు వెనకున్న షాపుకి నేనే నడిపించుకుని పోయాను. అక్కడి కుర్రవాడు చక్రాన్ని ఒక్కసారి తిప్పి చూసి, "బెండు ఎవరు తీస్తరమ్మా ఇప్పుడు? పొద్దంతా అదే పని అయితది. కొత్త చక్రం ఏసుకోండ్రి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కాస్త వంకర పోయినదాన్నల్లా పారేసుకుంటూ పోతే ఇళ్ళలో మనుషులెవరైనా మిగులుతారా అని అడగబోయి, చిన్నపిల్లవాడు, వాడితో నాకేమిటని ఊరుకున్నాను. సైకిల్ తోసుకుంటూ తిరిగొస్తుంటే దారి పొడుగునా ఆ టిక్కు టిక్కు నా పక్కనే వచ్చింది. ఆ చప్పుడు నాకు కొత్తది కాదు. అది మా పుట్టింటి వసారాలోది.

మా పుట్టిల్లు పర్ణశాలకు కాస్త ఇవతల, గోదారి ఒడ్డున ఉండేది. ముందు మిరపచేను, వెనక అడవి. ఎండాకాలం మొదట్లో కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల ఘాటూ, అడవిలోంచి వచ్చే ఇప్పపువ్వు వాసనా కలిసి ముక్కుకి తగిలేవి. కొత్తవాళ్ళెవరైనా వస్తే తుమ్మడమా మత్తుగా ఊగడమా తేల్చుకోలేక అవస్థపడేవారు. మా నాయిన పుట్టింది బోనకల్ వైపు. అక్కడ రైలు స్టేషన్ దగ్గర కిరాయి సైకిళ్ళ షాపులో కొన్నాళ్ళు పని చేసి, తర్వాత పొలం చవగ్గా దొరుకుతుందని ఈ అడవి అంచుకు వచ్చేశాడట. ఆ షాపునుంచి ఆయన తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే: సైకిల్ చక్రం పుల్లలు, అంటే స్పోకులు, బిగించే చిన్న ఇనప చావి. దాన్ని మొలతాడుకి కట్టుకునేవాడు. దేవుడి తాయెత్తు కట్టుకోమని అమ్మ ఎన్నిసార్లు పోరినా, "ఇది చాలు" అనేవాడు.

నేను ఒక్కదాన్నే సంతానం. నన్ను మణుగూరు బొగ్గుబాయిలో ఫిట్టరుగా పనిచేసే అబ్బాయికి ఇచ్చారు. అత్తగారిల్లు గోదారికి ఆ ఒడ్డున, పుట్టిల్లు ఈ ఒడ్డున. బస్సులో రావాలంటే భద్రాచలం చుట్టి రావాలి, ఒక పూట దారిలోనే పోతుంది. అందుకని మేం సైకిల్ మీద వచ్చేవాళ్ళం. నేను వెనక క్యారియర్ మీద కూర్చునేదాన్ని. రేవు దగ్గర సైకిల్‌ని కూడా పడవలో ఎక్కించి, ఈ ఒడ్డున దిగి మళ్ళీ తొక్కుకుంటూ పోయేవాళ్ళం. వానాకాలం గోదారి నిండిందంటే ఆ దారీ మూసుకునేది. మబ్బు పట్టిన రోజు కంపెనీ ఇచ్చిన క్వార్టర్ గుమ్మంలో నిలబడి, ఏటికవతల మా అమ్మ ఏం వండుతోందో అనుకుంటూ ఏడ్చేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది?

వచ్చినా ఒక్క పూట భాగ్యమే. దానికి కారణం మా అత్తగారి బర్రె. క్వార్టర్ వెనక కొట్టంలో ఉండేది ఆ మహారాణి. కొత్త కోడలిగా నేను దానికి కుడితి పెట్టి మచ్చిక చేసిన పాపానికి, నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పొదుగు మీద పడనిచ్చేది కాదు. మా అత్తగారు చెడ్డది కాదు, మోకాళ్ళ నొప్పుల మనిషి. "పొద్దుగాల పోయి మాపటికి వచ్చెయ్యాలె బిడ్డా, దాని తన్నులు నేను తినలేను" అనేది. ఆమెను ఏమనగలను? బర్రెను మాత్రం దారంతా తిట్టుకునేదాన్ని.

నన్ను ఒక్క రాత్రి ఉంచుకోవాలని మా అమ్మానాన్నల ఆరాటం. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆమెకు దేవుళ్ళూ వారాలూ అండ. "శుక్రవారం ఆడపిల్ల గడప దాటొద్దు, మంగళవారం అసలే వద్దు" అని మొదలుపెట్టేది. కానీ మా ఆయనకు సెలవు ఆదివారం. ఆదివారం వచ్చి ఆదివారమే పోవడానికి ఏ దేవుడూ అడ్డం చెప్పలేదు. నాయిన అసలే మాట్లాడని మనిషి. అల్లుణ్ణి ఉండమని అడగడానికి ఆయనకు నోరు రాదు. "పిల్లనిచ్చినంక ఆపే హక్కు మనకేడిది?" అని అమ్మతో అనడం ఒకసారి చెవిన పడింది. అడగలేకపోయేవాడు గానీ, మేం బయల్దేరే వేళకి ఆయన ముఖం చూడడం నా వల్ల అయ్యేది కాదు.

ఆ నాయినకు ఒకనాడు చక్రం దొరికింది. పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారం, మేం వచ్చేసరికే సైకిల్ వెనక చక్రం ఊగుతోంది. నాయిన చెవిలో ఆ టిక్కు టిక్కు పడింది. కండువా తీసి దండెం మీద వేశాడు. వసారాలో గోనెసంచి పరిచి, సైకిల్‌ని తలకిందులు చేసి, సీటూ హ్యాండిలూ దాని మీద ఆనించాడు. చీపురు పుల్ల ఒకటి విరిచి, చక్రం పక్కనున్న కడ్డీకి దారంతో కట్టాడు, కొస రిమ్ముకు తగిలీ తగలనట్టు. చక్రం తిప్పితే వంకర ఉన్న చోటే పుల్ల టిక్కుమంటుంది. అక్కడ ఆపి, రిమ్ము వంగిన పక్క పుల్లల్ని కాస్త వదులు చేసి, ఎదుటి పక్కవి కాస్త బిగించేవాడు. మళ్ళీ తిప్పడం, మళ్ళీ చెవి ఒగ్గడం. ఒక్కసారిగా బిగిస్తే రిమ్ము ఇంకో పక్కకు పోతుందట. ఆ పనిలో ఆయన ముఖం ఎంత ప్రశాంతంగా ఉండేదో! మా ఆయన పక్కనే పీట మీద కూర్చుని, బుద్ధిమంతుడిలా చూస్తూ ఉండేవాడు.

పొద్దు వాలేవేళకి టిక్కు ఆగిపోయింది. మా ఆయన లేచి సైకిల్ అందుకోబోయాడు. నాయిన హ్యాండిల్ వదల్లేదు. "ఇప్పుడే తొక్కొద్దు అల్లుడా. బెండు తీసిన చక్రం ఒక నిద్ర చెయ్యాలె. పుల్లలు సర్దుకోవాలె. లేకుంటే నడి అడవిల మళ్ళ వంకరపోతది" అన్నాడు. అంత పొడుగు మాట నాయిన నోట అంతకుముందు నేను వినలేదు. మా వైపు కొత్తల్లుడు అత్తగారింట మూడు నిద్రలు చేస్తాడు. మొక్కున్నవాళ్ళు గుడిలో నిద్ర చేస్తారు. సైకిల్ చక్రం నిద్ర చేయడం మాత్రం లోకంలో ఎవరూ విని ఉండరు. నేను పకపకా నవ్వబోతే అమ్మ నా తొడ మీద గిల్లింది. మా ఆయన గంభీరంగా తలూపి, "అవ్ మామా, సర్దుకోవాలె" అన్నాడు. ఆ రాత్రి ఉండిపోయాం. తెల్లవారి మొదటి పడవకు దాటి, ఆయన మధ్యాహ్నం షిఫ్టు అందుకున్నాడు. మా అత్తగారు "సైకిల్ ఖరాబయితే ఏం జేస్తరు, అడవి తోవ" అని తనే సర్ది చెప్పుకుంది.

అదిగో, అలా మొదలైంది. మధ్యాహ్నం షిఫ్టు పడిన వారాల్లో మేం ఎప్పుడొచ్చినా చక్రం వంకరే. నాయిన సాయంత్రం దాకా బెండు తీయడం, అది నిద్ర చేయడం. నేను మా ఆయన్ని ఏడిపించేదాన్ని. "బాయిల అంతంత మిషన్లు బాగుచేస్తవట, సొంత సైకిల్ చక్రం చేతగాదా? పెరటి చెట్టు మందుకు రాదని ఊరికే అన్నరా!" అంటే, "తోవ అట్లున్నది మరి" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో, అని నేను అందుకునేదాన్ని. నాయిన కూడా ఒకటి రెండుసార్లు, "ఏం ఫిట్టరో ఏందో" అని మీసాల్లో నవ్వుకోవడం నాకు గుర్తే. మా ఆయనకు రోషం రాకపోవడం నాకు వింతగానే ఉండేది. ఒక్కసారి మాత్రం చక్రం చక్కగా ఉండగానే వచ్చాం. ఇక ఈ రాత్రి ఉండడం లేదనుకున్నాను. నేను లోపల టీ పెట్టి తెచ్చేసరికి వసారాలో సైకిల్ తలకిందులై ఉంది, చక్రం ఊగుతోంది. "పైకి మంచిగనే కనవడతది గాని, పుల్లలు లోపటే వదులైనయి" అన్నాడు నాయిన నా వైపు చూడకుండా.

ఆ సాయంత్రాలు ఎలాంటివంటే, పెద్దగా చెప్పడానికేమీ ఉండవు. అమ్మ నన్ను గడపలో కూర్చోబెట్టుకుని, తల దువ్వుతూ, ఊళ్ళో సంగతులన్నీ చెప్పేది. మధ్యలో "అత్తగారు మంచిగ చూసుకుంటున్నదా?" అని గొంతు తగ్గించి అడిగేది. నాయిన పచ్చి పల్లికాయలు కుంపట్లో కాల్చి, పొట్టు ఊది, నా ఒళ్ళో వేసేవాడు. గోడకానించిన సైకిల్ వైపు అప్పుడప్పుడూ చూసుకునేవాడు, అది నిజంగానే పడుకుందా అన్నట్టు. నేను ఎన్నో పెద్ద పండగలు చూశాను గానీ, మనసు పీకేది మాత్రం ఆ పల్లికాయల కోసమే.

నాయిన ఒక ఎండాకాలం, కళ్ళంలో మిర్చి ఉండగానే జ్వరం పడి పోయాడు. పెద్దకర్మ ఆదివారం అయింది. చుట్టాలంతా మధ్యాహ్నం భోజనాలు చేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. మేమూ పోవాలి. మా ఆయనకు ఆ వారం మొదటి షిఫ్టు, తెల్లారేసరికి బాయి దగ్గరుండాలి. ఉన్న సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి, ఇంకొక నాగా పడితే ఊరుకోమని పైవాళ్ళు హెచ్చరించారు. అక్కడ మా అత్తగారిని బర్రె తన్నిందని కబురు కూడా వచ్చింది. అమ్మను మాతో రమ్మంటే, "మిర్చి ఎవరెత్తుతరు?" అంది. మేమూ పోతే, ఆ ఇంట్లో ఆమె ఒక్కతే పడుకోవాల్సిన రాత్రుల్లో అదే మొదటిది. నేను మూట కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం. ఉంటానని అనలేను. ఉండమని అమ్మా అనలేదు. వారాల పేరు చెప్పి అందరినీ ఆపే మనిషి, ఆ రోజు లోపలి గదిలో మూలకు కూర్చుని గోడను చూస్తోంది.

వసారాలో టిక్కు టిక్కుమని వినపడింది. మూట వదిలేసి లేచాను. బయటికొస్తే, గోనెసంచి మీద సైకిల్ తలకిందులై ఉంది. మా ఆయన దాని ముందు గొంతుక్కూర్చుని, చీపురు పుల్ల కట్టి, చక్రం తిప్పుతున్నాడు. చేతిలో తన సొంత చావి, నాయిన దానిలాంటిదే. నేను నిలబడి చూస్తుండగానే, టీ మరిగేపాటి సేపట్లో చక్రం చక్కబడింది.

"నీకొచ్చా ఈ పని?" అన్నాను.

"ఫిట్టర్‌ను గాదా?"

"మరి ఇన్నేండ్లు?"

ఆయన చావిని చొక్కా జేబులో వేసుకుంటూ, తల ఎత్తకుండా చెప్పాడు. "రేవుల నువ్వు కాళ్ళు కడుక్కునేటప్పుడు నేనే నాలుగు పుల్లలు వదులు చేసేటోన్ని. మామ ఉండమని అడగలేడు. నేను ఉంటనంటే మా అమ్మ ఊకోదు. ఇగ ఏం జెయ్యాలె?"

"నాయినకు తెలుసా?"

"తెల్వకేంది? ఎప్పుడూ అవే నాలుగు పుల్లలాయె. నేను మరిసిపోయి వచ్చిన్నాడు ఆయనే వదులు చేసిండు, నా ముంగటనే. ఇద్దరం ఒక్కనాడు గూడ ఆ ముచ్చట మాట్లాడుకోలేదు."

నేను గడప మీద కూలబడి ఏడ్చాను. కర్మ రోజుల్లో అంత ఏడుపు రాలేదు. ఏం ఫిట్టరో ఏందో అనిపించుకుంటూ, నా ఎత్తిపొడుపులు పడుతూ, ఆ మనిషి నాకు ఒక్కొక్క రాత్రీ తెచ్చిపెట్టాడు.

వెనక అలికిడైంది. చక్రం చప్పుడుకి అమ్మ లేచి వచ్చింది. సైకిల్ దగ్గరున్నది ఎవరో చూసుకుని, ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత అడిగింది: "చక్రం ఒక నిద్ర చెయ్యాలె గద, అల్లుడా?"

మా ఆయన సైకిల్ ఎత్తి గోడకు ఆనించాడు. "చెయ్యాలె అత్తా. ఇప్పుడే బెండు తీసిన" అన్నాడు. ఆ సాయంత్రం కుంపటి ఆయనే రాజేశాడు.

ఆ నాగాకి మాటలు పడ్డాయి. పడనీ.

మనవరాలి సైకిల్ని మా ఆయన నిన్న వసారాలో తలకిందులు చేసుకుని కూర్చున్నాడు. చావి వేళ్ళలోంచి జారిపోతోంది, అయినా టిక్కు ఆగింది. ఇప్పుడు భద్రాచలం వంతెన మీదుగా కారులో పోతే పర్ణశాల ఎంతసేపు? ఆయనకు షిఫ్టు లేదు, కొట్టంలో బర్రె లేదు, గోదారి అడ్డం లేదు. ఎన్ని నిద్రలైనా చేసి రావచ్చు, కాలమంతా మాదే. ఉండమనేవాళ్ళే లేరు.