ఫోన్ మోగించినాయనే ఎత్తియ్యాలె

పోయిన మంగళవారం పొద్దున మా మేనత్త పోయింది. బోధన్ నుంచి మామ ఫోన్ చేసి "మీ అత్త పోయిందిరా" అని ఒక్క మాటే అన్నాడు. ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయాడు. అటువైపు ఆడవాళ్ల ఏడుపు వినబడుతుంటే, నిజామాబాద్‌లో నా గదిలో నేను ఫోన్ చెవి నుంచి తియ్యకుండా అలాగే నిలబడిపోయాను.

ఆ గూఢచారి సినిమా మూడో భాగానికి దర్శకుడు ఎవరైతే బాగుంటుందో ఈ వారం ఈ శీర్షికలో రాస్తానని పాఠకులైన మీకు మాటిచ్చాను. మాట తప్పడం లేదు. ఈ విషయంలో నాకు తెలిసినవాళ్లందరికన్నా గట్టి అభిప్రాయం ఉన్న మనిషి మా అత్తే. అభిప్రాయం అన్నది నా మర్యాద, ఆవిడది మొండిపట్టు.

అత్త బీడీలు చేసేది. వాడలో ఆడవాళ్లంతా ఆమె అరుగు మీదే చాటలు ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చునేవారు. సినిమా మాత్రం నిజామాబాద్ వచ్చి, నా పక్కన కూర్చుని చూడాల్సిందే. చెప్పులు విడిచి, కుర్చీలో బాసిపట్టు వేసుకుని, డబ్బాలోంచి ఉడకబెట్టిన సెనగ గుడాలు తీసి నా చేతిలో పోసేది. చీకట్లో కూడా ఆమె వేళ్లు ఊరుకునేవి కావు. లేని ఆకులో లేని తంబాకు పెట్టి చుడుతూనే ఉండేవి. తెర మీద ఎన్ని కార్లు పేలినా వాటికి పట్టేది కాదు.

మొదటి భాగంలో ఒక్కచోట ఆ వేళ్లు ఆగాయి. అందులో హీరో ఇంట్లో తల్లికి తాను ఫ్యాన్ల కంపెనీలో పనిచేస్తున్నానని చెప్పుకుంటాడు. ఏ దేశంలో ఉన్నా ఫోన్ చేసి "తిన్నానమ్మా" అంటాడు. చివర అతను చచ్చిపోయాడని అందరూ అనుకుంటారు. తల్లి ఒక్కతే పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుంది. ఫోన్ మోగుతుంది. సినిమా అయిపోతుంది.

"ఎత్తిందా, లేదా?" అంది అత్త, లైట్లు వెలిగినా లేవకుండా.

"రెండో భాగంల సూపిస్తరత్తా."

"గప్పటిదాంక గామె గట్లనే కూసోవాల్నా?"

నేను నవ్వాను గానీ ఆమె నవ్వలేదు. ఎందుకో నాకు తెలుసు. చెరుకు పనులు తగ్గాక మామ మస్కట్ పోయాడు. ఆఫీసులో పని, ఏసీ రూము అని చెప్పేవాడు. మూలమీది కిరాణా దుకాణానికి ఫోన్ వస్తే అత్త చాట వదిలేసి ఉరికేది. ఫోన్ ఎత్తగానే ఎప్పుడూ ఒకటే మాట, "తిన్నవా?" మామ మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన అరచేతులు చూసింది. అవి ఆఫీసు చేతులు కావు. ఎడారిలో గొర్లు కాశానని ఆయన నోటితో చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ ఆమె అడగలేదు.

"ఎందుకు అడగలేదత్తా?" అన్నాను ఒకసారి.

"పాపం, నేను ఫికర్ జేస్తనని గంత దూరం కెల్లి అబద్ధం మోసుకొచ్చిండు. దాన్ని గుంజుకుంటనారా?"

రెండో భాగం వేరే దర్శకుడు తీశాడు. మంచు కొండలు, హెలికాప్టర్లు, బ్రహ్మాండం. తల్లి ఊసే లేదు. బస్టాండు దాకా అత్త నాతో మాట్లాడలేదు. బస్సెక్కుతూ మాత్రం "తల్లిని ఏడ పారేసిండ్రా వీడు?" అని తిట్టింది.

అరుగు మీద సినిమా కథ చెప్పడం ఎప్పుడూ అత్త వంతు. కథ చెప్పేవాళ్లుంటే చేతులు తొందరగా ఆడతాయట. రెండో భాగం కూడా చెప్పింది. కొన్నాళ్లకు అది టీవీలో వచ్చింది. మర్నాడు ఆడవాళ్లంతా కలిసి కేబులతని మీద పడ్డారు. "తల్లి ఫోన్ ఎత్తే సీను ఎందుకు కట్ జేసినవ్? అడ్వర్టైజులైతే మస్తు ఏసినవ్!" అని పక్కింటామె చెయ్యి తిప్పుతూ నిలదీసింది. "అక్కా, మా అమ్మ తోడు, నేనేం కట్ జెయ్యలే" అని అతను మొత్తుకున్నాడు. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చివరికి పాపం అనిపించినట్టుంది.

"ఆనిది తప్పు లేదే. గది సినిమాల లేదు. నేనే అతికిచ్చిన."

ఆ రోజు అరుగు మీద నవ్వులకు వీధి చివరి కుక్కలు కూడా లేచాయి.

ఆఖరిసారి ఆస్పత్రిలో చూశాను. సెలైన్ ఎక్కని చేతి వేళ్లు దుప్పటి అంచును చుడుతున్నాయి. "మూడోది ఎవలు తీస్తుండ్రు?" అంది. ఇంకా తేల్లేదని, రెండో భాగం తీసినాయన పేరు, ఒక కొత్త కుర్రాడి పేరు వినిపిస్తున్నాయని చెప్పాను. కుర్రాడైతే బాగుంటుందన్నాను.

"మొదటాయనకు ఏమైంది?"

"ముసలోడైండత్తా. సినిమాలు లేవు."

"అయితేంది? ఫోన్ మోగించినాయనే ఎత్తియ్యాలె. గట్లనే రాయి నువ్వు."

"నేను రాస్తే ఇంటరా?"

"ఇనకపోతే మల్ల నేనే అతికిస్త" అని కళ్లు మూసుకుంది. ఆవిడ నాతో అన్న చివరి మాట అదే.

అందుకని రాస్తున్నాను. నా ఓటు మొదటాయనకే. కారణాలు పైన చెప్పాను, అంతకన్నా పెద్దవి నా దగ్గర లేవు.

మూడో రోజు బోధన్‌లో అత్త పేరున పిట్టకు ముద్ద పెట్టి ఇంటికి వచ్చాం. బీడీల కార్ఖానాకు మాల్ ఇవ్వక తప్పదు కాబట్టి ఆడవాళ్లు చాటలతో అరుగు మీదికి వచ్చారు. అత్త కూర్చునే చోటు వదిలిపెట్టి అటూ ఇటూ సర్దుకున్నారు. ఆకు కత్తిరించే కత్తెరల చప్పుడే వినిపిస్తోంది. కాసేపటికి పక్కింటామె నా వైపు చూసింది.

"బిడ్డా, మూడోది ఎట్లుంటదో నువ్వన్న జెప్పు. చేతులు నడుస్తలేవు."

సినిమా ఇంకా పుట్టనే లేదు. అయినా నేను గడప మీద కూర్చున్నాను. "తల్లి పొయ్యి కాడ కూసున్నది. ఫోన్ మోగింది" అన్నాను.

కత్తెరలన్నీ ఆగిపోయాయి. లోపల మంచం మీద మామ లేచి కూర్చున్నాడు.

"ఎత్తిందా?"

"ఎత్తింది."

"ఏమన్నది?"

నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి మామే జవాబు చెప్పాడు.

"తిన్నవా, అన్నది."