ఒరిగిన మడమ

పరుగుపందేలకు పేరుపడ్డ కొండ ఊరు ఈటెన్‌లో పందేలు గెలిచి బతికేవాళ్ళు కొందరైతే, గెలుపు దక్కకపోయినా కాళ్ళనే నమ్ముకుని బతికేవాళ్ళు ఎక్కువ. ముప్పై ఆరేళ్ళ జెరోటిచ్ ఆ రెండో రకం. ఓ విదేశీ కంపెనీ అమ్మకానికి ముందు పరీక్షకు పంపే పేరులేని తెల్లబూట్లు తొడుక్కుని వారానికి నూట యాభై కిలోమీటర్లు పరుగెత్తడం, అడుగున మెత్త ఎన్నాళ్ళు నిలిచిందో కాగితం మీద రాసివ్వడం ఆమె పని. ఉన్నదున్నట్టు రాస్తుందని పేరు.

ఆ ఏడు వానలకు ముందు కొత్త జత వచ్చింది. చెల్లెలు జెమేలికీ అలాంటి జతే ఇచ్చారు. "ఎగువ ఎక్కుతున్నా దిగుతున్నట్టే ఉందక్కా" అని జెమేలి మురిసిపోయింది. మూడు వందల కిలోమీటర్లు దాటాక జెరోటిచ్ ఎడమ బూటు మడమ లోపలివైపు అణిగి, పాదం ఒరగసాగింది. మోకాలి కింద ఎముక సలుపు పట్టింది.

అదే రాసి తీసుకెళ్తే, కంపెనీ తరఫు మనిషి బివోట్ చదివి నవ్వాడు. "ఇంకెవరూ ఈ మాట అనలేదే. కుంగింది బూటా, నువ్వా? వయసు మళ్ళినవాళ్ళని తీసెయ్యమంటున్నారు పైనుంచి. చూస్కో మరి."

ఆమె ఆ వాక్యం కొట్టేసి 'కొంచెం మెత్తబడింది' అని రాసిచ్చింది. చెల్లెలు బరువు తక్కువ మనిషి, దానికేం కాదులే అనుకుంది.

పదిరోజులకు మొయిబెన్ దారిలో జెమేలి పరుగు మధ్యలో కూలబడింది. కాలి ఎముక చిట్లిందన్నారు ఎల్డొరెట్ డాక్టర్లు. నెల రోజుల్లో ఆమె పరుగెత్తాల్సిన పందెం పోయింది.

సాయంత్రం అక్క మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్ద తెచ్చి పెడితే జెమేలి అడిగింది: "నీ బూట్లూ ఒరిగాయా?"

"ఒరిగాయి."

"ఎప్పుడు?"

"నీకంటే ముందే. చెబితే పని పోతుందని భయపడ్డా."

జెమేలి కంచం పక్కకు నెట్టి గోడవైపు తిరిగింది.

మర్నాడు పొద్దున అందరూ పరుగుకి చేరే కూడలిలో జెరోటిచ్ తన ఎడమ బూటును కొడవలితో నిలువునా కోసి చూపించింది. ఒకవైపు మెత్త అట్టముక్కలా అయిపోయింది. అవే బూట్లు తొడుక్కున్న తొమ్మిదిమంది వాటిని విప్పేశారు. మధ్యాహ్నానికి కంపెనీ జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు. వారంలో మిగిలిన జతలన్నీ వెనక్కి తీసుకుపోయారు; ఎందుకో ఎవరూ చెప్పలేదు.

జెమేలి నాలుగు నెలలకు మళ్ళీ పరుగందుకుంది, వేరే గుంపుతో. జెరోటిచ్ ఇప్పుడు పాలు అమ్ముతోంది. జెమేలి కొత్త బూట్లు కొనేముందు వాటిని ఎవరిచేతనో అక్కకు పంపి, వేలితో నొక్కి చూసి చెప్పమంటుంది. తను మాత్రం రాదు.