తుపాకీకి బ్రేకు, చెవికి దూది

1954వ సంవత్సరం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరు చేసే జిన్నింగు మిల్లులకు పోయే బజార్లో నాకు తుపాకులు బాగుచేసే అంగడి ఉండేది. గోడకు చట్రం కట్టిన సర్కారు లైసెన్సు, దాని కిందనే కాళ్ళతో తొక్కే లేత్ మిషను. ఆ బజార్లో ఏడాది పొడుగునా దూది నూగు ఎగురుతానే ఉంటుంది. నూనె పూసిన తుపాకీని కాసేపు బయట పెడితే చాలు, దానికి మీసాలు మొలుస్తాయి. ఆ దూదిని నేను తిట్టని రోజు లేదు. అదే దూదికి ఒకరోజు చేతులెత్తి మొక్కుతావని ఎవరైనా చెప్పింటే, పిచ్చోడని నవ్వి పంపించేవాణ్ణి.

మా పని తెలియనివాళ్ళకు ముందు రెండు మాటలు చెప్పాల. తుపాకీ పేలినప్పుడు గుండు ముందుకు పోతుంది, తుపాకీ వెనక్కి వచ్చి భుజాన్ని తంతుంది. దీన్ని రీకాయిల్ అంటారు. ఆ తన్ను తగ్గించడానికి గొట్టం మూతికి మరలు కోసి బిగించే ఉక్కు తొడుగే మజిల్ బ్రేక్. దానికి పక్కల రంధ్రాలుంటాయి. గుండు వెంబడి వచ్చే వేడి పొగ ఆ రంధ్రాల్లోంచి పక్కలకూ, కొంచెం వెనక్కూ తోసుకొని పోతుంది. ఆ ఊపుకు తుపాకీ ముందుకు లాగినట్టయి, భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుంది. పెద్ద పెద్ద వేట తుపాకులకు అది దేవుడిచ్చిన వరమే. చిన్న రైఫిళ్ళకు మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

అయినా అట్లాంటిదొకటి నేనే చేసి ఇచ్చినా. ఊర్లో ఒక దూది సావుకారు ఏదో ఇంగ్లీషు కేటలాగులో బొమ్మ చూసి, తన చిన్న రైఫిలుకు అది కావాల్సిందేనని పట్టుబట్టినాడు. పని బాగానే చేసింది, లేదనను. పేల్చినా మూతి పైకి లేవదు. గుండు యాడ తగిలిందో కాల్చినవాడే కండ్లారా చూసుకోవచ్చు, రెండో గుండు వెంటనే వేయొచ్చు. కానీ తుపాకీ పొడుగు పెరిగి కంపల్లో తగులుకుంటుంది. పడుకొని కాలిస్తే దుమ్ము లేచి కండ్లలో కొడుతుంది. రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయిందంటే గుండు రాసుకొని దిక్కు తప్పుతుంది. లోపల పట్టే మసి సంగతి సరేసరి, దాన్ని గీకేసరికి నా ప్రాణం కడబట్టేది.

ఇక చప్పుడు. పొగ పక్కలకు, వెనక్కు వస్తే దాంతోపాటు చప్పుడూ వస్తుంది కదా. ఆ సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే మా వృత్తిలో చెవుడు ఒక బిరుదు మాదిరి. నాకు పని నేర్పిన బళ్ళారి ఉస్తాదుకు రెండు చెవులూ పోయినాయి. "చెవిలో దూది పెట్టుకొని కాల్చేవాడు గాజులు తొడుక్కోవల్ల" అనేవాడు. గురువు మాట గదా, నేనూ పదిమందికి అదే వినిపించినాను.

ఆ ఏడు వానలు బాగా పడినాయి. శెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో, హొళగుంద బస్సు దిగి ఒక మొగుడూ పెండ్లామూ నా అంగడికి వచ్చినారు. ఆయన పేరు ఈరన్న. పెద్ద యుద్ధంలో బర్మాకు పోయి వచ్చిన మనిషి, నడకలో ఇంకా కవాతు పోలేదు. మాజీ సైనికుడని సర్కారు ఆయనకు దేవరగట్టు గుట్టల కింద ఇంత మెట్టభూమి ఇచ్చింది. పెండ్లాం గోవిందమ్మ ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇంటి ఆడబిడ్డ.

"ఆచారన్నా, సావుకారు తుపాకీకి ఏందో బిగించినావంట గదా. అది నాకూ బిగించు" అన్నాడు, కూర్చోకముందే.

ఆయన రైఫిలు చేతికి తీసుకున్నా. చిన్న గుండు వేసే తేలిక తుపాకీ. ఎక్కడా తుప్పు చుక్క లేదు, బిడ్డను సాకినట్టు సాకినాడు.

"దీనికెందుకప్పా? ఇది తన్నేది మేకపిల్ల కుమ్మినంత."

"కుమ్మేది నీ భుజాన్ని కాదులే" అని చొక్కా గుండీ తీసి చూపించినాడు. కుడి భుజం మీద రెండు వేళ్ళంత మచ్చ. బర్మాలో ఇనుపముక్క దిగిన చోటు.

గోవిందమ్మ అందుకుంది. "పందులన్నా. గుట్ట దిగొచ్చి సాళ్ళకు సాళ్ళు తవ్వి పోతాండాయి. పోయినేడు సగం చేను పాయె. ఈయప్ప కాల్చేది కాలుస్తాడు, ఒక్కటీ తగల్దు. మిలిటరీ ఈరన్న పందులకు సలాము కొడతాడని ఊరంతా నవ్వుతాండారు."

"ఈ పంట గూడా పోతే భూమీ వద్దు ఏమీ వద్దు" అన్నాడు ఈరన్న. "తుపాకీ స్టేషన్లో అప్పజెప్పి, ఈడనే మిల్లులో దూది బేళ్ళు మోసుకుంటా. సెప్పు, బిగిస్తావా, బిగించవా?"

నాకు కోపం ముక్కు మీదనే ఉంటుంది. "బిగించేది నేనా, నువ్వా? ముందు కాల్చి చూపించు. ఏం బిగించాల్నో తర్వాత నేను చెప్తా" అని లేచినా.

ఊరవతల కొండ కింద పాత రాళ్ళ గుంత ఒకటుంది. తుపాకులు పరీక్ష చేసుకోమని పోలీసులు నాకు చూపించిన చోటు అదే. సావుకారు రైఫిలు మసి తీయడానికి వచ్చి అంగట్లోనే ఉంటే, దాన్ని కూడా పట్టుకొని పోయినా. గుంతలో అటు చివర కిరసనాయిలు డబ్బా పెట్టి, కాల్చమన్నా.

కూర్చోవడం చూస్తే ముచ్చటేసింది. మోచెయ్యి, చెంప, చూపు, అన్నీ పెట్టాల్సిన చోట పెట్టినాడు. పేలింది. డబ్బాకు ఇవతల బారెడు దూరంలో మట్టి లేచింది. మళ్ళీ అంతే. రైఫిలు నేను తీసుకొని కాల్చినా, డబ్బా ఠంగుమంది. తుపాకీలో లోపం లేదు.

మా పనిలో ఒక పాత ఎత్తు ఉంది. డమ్మీ అని, మందు లేని ఉత్త తూటా. కాల్చేవాడికి చెప్పకుండా అది పెట్టి ఇస్తాం. నేను వెనక్కి తిరిగి డమ్మీ పెట్టి ఈరన్నకు ఇచ్చినా. ట్రిగ్గర్ నొక్కినాడు. టిక్కుమని తప్ప చప్పుడు లేదు, తన్ను లేదు. కానీ తుపాకీ మూతి, గింజ కోసం కోడి తల వంచినట్టు నేలకు వంగింది. ఆయన కండ్లు గట్టిగా మూసుకొని ఉన్నాయి. దీన్ని ఫ్లించింగ్ అంటారు. దెబ్బ పడుతుందని ఒళ్ళు ముందే ముడుచుకోవడం.

కండ్లు తెరిచి, వంగిన మూతిని ఆయనే చూసుకున్నాడు. మొగం చిన్నబోయింది.

"సూసినావా అన్నా? భుజం భయపడతాంది."

నిజం చెప్పాలంటే, ఆ మాటకు నేనూ మెత్తబడినా. గాయం తగిలిన భుజం, పాపం మేకపిల్ల కుమ్మినా భయపడొచ్చు, బ్రేకు బిగిస్తే పోయేదేముంది అనిపించింది. "సరేలే. సావుకారు తుపాకీ పేల్చి చూపిస్తా. మూతి కదల్దు, నీకే నమ్మకం కుదురుతుంది. నా పక్కన కూర్చో" అన్నా.

పక్కన కూర్చున్నాడు. నేను పేల్చినా. మూతి కదల్లేదు, డబ్బా ఎగిరి పడింది. నా చేతిపని చూసుకొని నాకే గర్వమేసి, "సూడప్పా, ఎట్లుంది?" అని పక్కకు తిరిగినా.

ఈరన్న బోర్లా పడి ఉన్నాడు. మొగం మట్టిలో, రెండు చేతులూ తలమీద. ఒళ్ళంతా వణుకుతాంది.

గోవిందమ్మ ఉరికొచ్చింది. అరవలేదు, ఏడవలేదు. పక్కన కూలబడి వీపు మీద అరచెయ్యి పెట్టి, "ఏం లేదు, ఏం లేదు. ఆదోనిలో ఉండాం. ఇది ఆదోని" అని మెల్లగా అంటానే ఉంది. ఆ మాట ఆమె ఎన్నిసార్లు, ఎన్ని ఊర్ల పేర్లతో అనిందో ఏమో, నిద్రపుచ్చే పాట మాదిరి అలవాటుగా వచ్చింది.

కాసేపటికి లేచి కూర్చున్నాడు. నా దిక్కు చూడలేదు. "భుజం కలుక్కుమనింది" అన్నాడు.

భుజాన్ని ఏదీ తాకనే లేదు. తుపాకీ నా చేతుల్లో ఉంది.

"భుజం కాదన్నా. సప్పుడు" అంది గోవిందమ్మ.

"నోరు మూయ్" అన్నాడు ఈరన్న.

"మూయను. పెండ్లయిన కాడ్నుంచి మూసుకొనే ఉండా. ఇంగ మూస్తే చేను పోతాది, నువ్వూ పోతావు." నా దిక్కు తిరిగింది. "మా పుట్టింటినిండా మగ్గాలన్నా. పెండ్లయినంక ఆడనే ఉండమన్నాడు మా నాయన. మగ్గం పలక కొట్టినప్పుడల్లా ఈయప్ప ఉలిక్కిపడి గోడకు కరుసుకునేవాడు. ఇల్లరికం నాకొద్దని పేరు పెట్టి బయటికొచ్చినాడు. అది పౌరుషం గాదు, మగ్గం సప్పుడు. ఇప్పటికీ ఈయప్ప వాకిట్లో కనపడితే మా నాయన మగ్గాలన్నీ ఆపిస్తాడు. తన వల్ల వాళ్ళ కూటి పని ఆగిపోతాందని ఈయప్ప ఆడికి పోయేదే మానుకున్నాడు."

ఈరన్న తల వంచుకొని ఉన్నాడు.

రోగమొకటి, మందొకటి. నేను ఆ తొడుగు బిగించి పంపించింటే, భుజానికి పిసరంత మేలు, చెవులకు కొండంత కీడు చేసి ఉందును. ఆ మనిషి తుపాకీనీ, భూమినీ వదులుకొని పోయింటే, నా పనితనం మెచ్చుకుంటా నేను అంగట్లో కూర్చొని ఉందును. ఆ తల్లి నోరు విప్పింది, బతికిపోయినా.

నా సంచి మీద ఎప్పటిమాదిరే దూది నూగు పట్టి ఉంది. లోపల గొట్టాలు తుడిచే దూది ఉండ ఒకటుంది, కొయ్యకు మెరుగు పెట్టే తేనెమైనం ఉంది. మైనాన్ని అరచేతిలో నలిపి మెత్తచేసి, దూదితో కలిపి చిన్న చిన్న ఉండలు చేసినా. ఉస్తాదు గాజుల మాట నాలుక చివరిదాకా వచ్చి, సిగ్గుపడి వెనక్కి పోయింది.

"ఇవి చెవుల్లో పెట్టుకో."

"ఎవురన్నా సూస్తే నవ్వుతారు."

"అట్లయితే ఇద్దర్నీ చూసి నవ్వనీ" అని ముందు నా చెవుల్లో పెట్టుకున్నా. అన్నేండ్ల పనిలో అదే మొదటిసారి. నన్ను అట్లా చూసి గోవిందమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయనా పెట్టుకున్నాడు.

ఇంక కూర్చున్నాం. ఒకసారి డమ్మీ, ఒకసారి నిజం తూటా, ఏది పెట్టేదీ చెప్పకుండా ఇస్తా పోయినా. మొదట్లో మూతి వంగతానే ఉంది. అలవాటు పడిన ఒళ్ళు, ఊరికే వింటుందా? పొద్దు కొండ మీదికి వాలేసరికి వంగడం తగ్గింది. ఒకసారి డమ్మీ టిక్కుమంటే మూతి మేకు కొట్టినట్టు నిలబడింది. ఆయన కండ్లు తెరిచే ఉన్నాయి. తర్వాతది నిజం తూటా. డబ్బా పల్టీ కొట్టింది.

ఆ చప్పుడు ఆయనకు సరిగ్గా వినపడలేదు. పెండ్లాం మొగం చూసినాడు. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుంటాంది. చెవిలోంచి ఉండ తీసి, "తగిలిందా?" అని అడిగినాడు, చిన్నపిల్లోని మాదిరి.

"తగిలిందప్పా, తగిలింది!" అని నేనే గట్టిగా అరిచినా.

అంతలోనే మళ్ళీ దిగులు. "చెవులు మూసుకుంటే పంది వచ్చేది నాకెట్లా తెలుస్తాది?"

"నాకు లేవా చెవులు?" అంది గోవిందమ్మ. "పోయినేడంతా డబ్బాలు కొడతా మేలుకొన్నది ఎవురు? నేను వింటా. నీ ఎడమ భుజం మీద చెయ్యి పెడతా. ఎటు నొక్కితే అటు సూడు."

"ఈయప్ప కాల్చే ముందర చెయ్యి తీసి నీ చెవులు కూడా మూసుకోవల్ల చెల్లెమ్మా" అన్నా. మర్నాడు మడమకు, అంటే భుజానికి ఆనించే కొయ్యకు, మెత్తటి తోలు దిండు ఒకటి కుట్టి ఇచ్చి పంపించినా. ఆ మచ్చకు అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

పంట కోసినాక ఇద్దరూ మళ్ళీ వచ్చినారు, నెత్తిన పచ్చి శెనక్కాయల మూటతో. రెండు పందులు పడినాయంట, తక్కినవి గుట్ట అవతలికి దారి మార్చినాయంట. చేను నిలబడింది. ఈరన్న నా గడప మీద కూర్చొని కాయలు ఒలిచి నాకు పెడతాంటే, గోవిందమ్మ చెప్పింది.

"ఎమ్మిగనూరు నుంచే వస్తాండామన్నా. మమ్మల్ని సూసి మా నాయన ఎప్పటిమాదిరే 'ఆపండి, ఆపండి' అని మగ్గాలు ఆపించినాడు. ఈయప్ప జేబులోంచి దూది తీసి, అందరి ముందరే చెవుల్లో పెట్టుకొని, పడసాలలో కూర్చున్నాడు. 'ఆపొద్దు మామా, నెయ్యి' అన్నాడు. మా నాయన మగ్గం ముందర కూర్చున్నాడే గానీ, సానాసేపు నేయలేకపాయె. కండ్ల నీళ్ళకు పోగు కనపడ్లేదంట."

ఈరన్న కాయలు ఒలుస్తానే ఉన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడినాయి.

గిరాకీ వచ్చి మందు పేరు చెప్తాడు, రోగం పేరు చెప్పడు. ఆ తర్వాత పెద్ద తుపాకులకు బ్రేకులు ఎన్నో బిగించినా. చిన్న రైఫిలు తెచ్చి బ్రేకు అడిగితే మాత్రం, "నొప్పి యాడప్పా?" అని అడగకుండా లేత్ ముట్టలేదు. వచ్చినవాళ్ళ వెంబడి పెండ్లామో తల్లో ఉంటే వాళ్ళనూ అడిగేవాణ్ణి.

ఇంకొకటుంది, అది నా సొంతం. ఆ దినం ఈరన్న సిగ్గు పోగొట్టడానికి పెట్టుకున్న దూదిని నేను మళ్ళీ మానుకోలేదు. ఉస్తాదు కడపటి రోజుల్లో మనవరాలు పక్కన కూర్చొని తాతా, తాతా అని పిలిస్తే పలకలేక, దాని పెదాలు చూస్తా ఉండేవాడు. నాతోపాటు పని నేర్చినవాళ్ళదీ అదే గతి. నాకు డెబ్బై దాటినాయి. వంటింట్లో మా ఆవిడ నన్ను తిట్టుకునేది కూడా పొల్లు పోకుండా వినపడుతుంది. మా మనవరాలు గడప అవతల నిలబడి గుసగుసగా "తాతా" అంటే, ఇవతల నుంచి "ఓయ్" అంటాను. అన్న ప్రతిసారీ, ఆ రాళ్ళ గుంతలో నోరు మూసుకోనన్న గోవిందమ్మకు మనసులోనే దండం పెట్టుకుంటాను.